బక్కగా కనిపిస్తే జబ్బేనా? కోరింగ మడల్లో జంతువుల ఒంటిపుష్టి కొలవడం

గోదావరి జిల్లాల్లో రొయ్యల రైతుకి ఈ విషయం కొత్తగా చెప్పక్కర్లేదు. వారానికోసారి విసురువల వేసి, పడినవాటిని తూచి, కిలోకి ఎన్ని వస్తున్నాయో కౌంట్ చూస్తాడు. అంతటితో ఆగడు. రెండు మూడు రొయ్యల్ని వెలుగుకి ఎత్తిపట్టి పేగు నిండుగా ఉందో ఖాళీగా ఉందో చూస్తాడు. వేళ్ళ మధ్య నొక్కి లూజ్ షెల్ ఉందేమో, అంటే పెంకు వదులైందేమో చూస్తాడు. ఈ మూడూ మూడు వేర్వేరు కాలాల కబుర్లు. కౌంట్ చెప్పేది పిల్ల వేసినప్పటి నుంచి జరిగిన లెక్క. పెంకు చెప్పేది ఈ కొద్దిరోజుల సంగతి. పేగు చెప్పేది ఈ పూట మేత సంగతి.

అడవి జంతువు ఆరోగ్యం కొలవడమూ సరిగ్గా ఇలాంటిదే. తేడా ఏమిటంటే, వల వేసి పట్టి చూడటం చాలాసార్లు కుదరదు, కుదిరినా చేయకూడదు. 1978లో అభయారణ్యమైన కోరింగలో 235.70 చదరపు కిలోమీటర్ల మేర మడ చెట్లూ కాలవలూ బురద మేటలూ ఉన్నాయి. అందులో బావురు పిల్లులు, నీటికుక్కలు, నక్కలు, చలికాలపు వలస పక్షులు బతుకుతున్నాయి. సముద్రం వైపు ఇసుకలోకి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వీటిలో దేని ఫొటో కనబడినా కింద ఒకే మాట ఉంటుంది: 'పాపం, ఎంత బక్కచిక్కిపోయిందో'. ఆ మాట నిజం కావచ్చు, పూర్తిగా తప్పూ కావచ్చు. ఎప్పుడు తీశారు, పోటు మీదా పాటు మీదా, తడిగా ఉందా ఆరిందా, ఏ వయసుది, ఇవి తెలియకుండా ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు.

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. ఒంటిపుష్టి అంటే బరువు కాదు. ఎముకల గూడు ఎంత పెద్దదో దానికి తగ్గట్టు ఎంత కొవ్వు, ఎంత కండ దాచుకుందో అదే పుష్టి. పెద్ద గూడున్న జంతువు బరువెక్కువ తూగుతూ కూడా డొల్లగా ఉండొచ్చు. ఇంకో మాట: పుష్టి వేరు, ఆరోగ్యం వేరు. పుష్టి గడిచిన కొన్ని వారాల జమాఖర్చు. ఈ రోజు ఒంట్లో ఏం జరుగుతోందో అది చెప్పదు.

పక్షుల దగ్గర మొదలుపెడదాం. పట్టుకోకుండా కొలవడానికి అవే సులువు. కాకినాడ అఖాతంలో పాటు తీసినప్పుడు ఉల్లంకులు, గాడ్‌విట్లు, ప్లోవర్లు లాంటి ఒడ్డు పక్షులు కిలోమీటర్ల కొద్దీ బురద మీద చెల్లాచెదురుగా మేస్తుంటాయి, అప్పుడు చూసి లాభం లేదు. పోటు పెరిగి బురద మునిగినప్పుడు అన్నీ ఎత్తు ఇసుక మీదికి చేరి గుంపుగా నిలబడతాయి. అదే సమయం. ఇరవై నుంచి అరవై రెట్లు పెద్దదిగా చూపే స్కోపు (దూరదర్శిని), దాన్ని నిలబెట్టే ముక్కాలి స్టాండు, ఎండ కాగకముందు వెలుగు, ఇంతే కావలసింది. తొమ్మిది దాటాక ఇసుక మీద సెగ లేచి గీతలన్నీ వంకరపోతాయి, తర్వాత వేసిన మార్కులు నమ్మకండి.

చూడవలసింది కాళ్ళ వెనక నుంచి తోక మొదలు దాకా ఉన్న పొట్ట గీత. లోపలికి గుంటపడితే 1, చదునుగా ఉంటే 2, కొంచెం ఉబ్బితే 3, బాగా ఉబ్బితే 4, తోక కిందికి సంచిలా వేలాడితే 5. పక్షి పక్కవాటుగా, రెండు కాళ్ళ మీద, మెడ ఎత్తి నిలబడి ఉన్నప్పుడే మార్కు వేయాలి. ఒంటికాలి మీద ముక్కు రెక్కల్లో దాచుకుని నిద్రపోతున్నదాన్ని వదిలేయండి, అది ఈకలు వదులు చేసి ఉంటుంది గనుక ఎప్పుడూ లావుగానే కనిపిస్తుంది. ఉత్తరపు గాలి గట్టిగా వీచే పొద్దున కూడా అంతే. గుంపు అంచున ఉన్నవాటినే చూడకూడదు, అంచుకి నెట్టబడేవి తరచూ బలహీనమైనవో చిన్నవో అవుతాయి. స్కోపుని ఒక చివర నుంచి రెండో చివరకి జరుపుకుంటూ ప్రతి పదో పక్షికో మార్కు వేయడం మేలు.

ఈ మార్కులకి అర్థం నెలని బట్టి మారిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరులో దిగేవి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చినవి. 1, 2 రావడం సహజం. నవంబరుకల్లా 2, 3కి రావాలి. మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా సైబీరియా వైపు బయల్దేరేముందు 4, 5 కనబడాలి. కొన్ని చిన్న జాతులు ఆ నెలలో తమ మామూలు బరువుకి దాదాపు రెట్టింపు దాకా పెరుగుతాయి. ఏప్రిల్ రెండో వారంలో కూడా వయసొచ్చిన పక్షుల గుంపంతా 2 దగ్గరే ఆగితే, అప్పుడు బురదలో తిండి గురించి ఆలోచించాలి. అదే మే నెలాఖరులో ఇంకా ఇక్కడే ఉండి 2 మార్కు తెచ్చుకుంటున్న పక్షిని చూసి కంగారు పడక్కర్లేదు. అది ఎక్కువసార్లు ఏడాది నిండిన పిల్ల. మొదటి వేసవిలో ఉత్తరానికి వెళ్ళని పిల్లలు చాలా జాతుల్లో ఉంటాయి. ప్రయాణం లేనప్పుడు కొవ్వు ఎందుకు? దాని రెక్కల చివరి ఈకలు అరిగి, రంగు వెలిసి ఉంటాయి. జతకట్టే కాలపు రంగు సరిగ్గా రాదు. వయసు తెలుసుకోకుండా మార్కు వేస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్లే రోగిష్టిదిగా లెక్కలోకి ఎక్కుతుంది.

చేతిలోకి తీసుకుని కొలవడం వేరే పని. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి అనుమతి లేకుండా ఏ అడవి పక్షినీ పట్టకూడదు. పక్షుల కాళ్ళకి గుర్తు రింగులు వేసే పని మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఆధ్వర్యంలో సాగుతోంది, నేర్చుకోదలచినవాళ్ళు ఆ దారిలోనే నేర్చుకోవాలి. అనుమతి ఉన్న బృందంలోనూ ఎక్కువగా తప్పేది తూకమే. పక్షి వలలో పడ్డ నిమిషం నుంచి రెట్ట వేస్తూ, నీరు కోల్పోతూ బరువు తగ్గుతుంది. అందుకే పట్టిన సమయం, తూచిన సమయం రెండూ రాయాలి. గుడ్డ సంచి రెట్టతో తడుస్తుంది కనుక ప్రతి పక్షికీ సంచిని విడిగా తూచి, ఆ బరువుని మొత్తంలోంచి తీసేయాలి. పొద్దున ఒకసారి తూచి రోజంతా అదే అంకె తీసేస్తే, యాభై గ్రాముల పక్షి విషయంలో రెండు గ్రాముల తేడా అంటే నాలుగు శాతం.

అంతకంటే పెద్ద ప్రమాదం పొడుగు కాళ్ళ పక్షులది. కర్లూలు, గాడ్‌విట్లు వేడిలో, ఇరుకులో, కాళ్ళు మడిచి ఎక్కువసేపు ఉంటే కండరాలు పాడై, వదిలాక నిలబడలేవు. చాలావాటికి కోలుకోవడం ఉండదు. పట్టగానే నీడ, గాలి ఆడే ఎత్తైన గుడారం, అందులో అవి నిలబడేంత చోటు, ముందు పొడుగు కాళ్ళవాటినే తేల్చి వదలడం, ఈ క్రమం తప్పకూడదు. చేతులు చాలకపోతే కొలతలు మానేసి వదిలేయాలి. ఆరోగ్యం కొలిచే పని ఆరోగ్యం తీయకూడదు.

రక్తం తీసేవారికి హద్దు ఒంటి బరువులో ఒక శాతం. యాభై గ్రాముల పక్షికి అర మిల్లీలీటరు దాటకూడదు. రక్తంలో ఒత్తిడి హార్మోను పట్టిన మూడు నిమిషాల తర్వాత పెరగడం మొదలవుతుంది. ఆ లోపల తీయకపోతే వచ్చే అంకె పక్షి మామూలు స్థితిది కాదు, మన వల పెట్టిన భయానిది. రక్తాన్ని స్లయిడు మీద పూసి రకరకాల తెల్లకణాల మధ్య నిష్పత్తి లెక్కపెట్టడం కొంత నయం, అది మారడానికి నిమిషాలు కాదు, గంటలు పడుతుంది. ఈకలు ఇంకా వెనక్కి చూపిస్తాయి: ఈక పెరిగే రోజుల్లో తిండి అందకపోతే అడ్డంగా సన్నని బలహీనపు గీత పడుతుంది, ఆ ఈక రాలే దాకా ఆ గుర్తు పోదు.

ఇక లెక్క. బరువుని పొడవుతో భాగిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు, ఎందుకంటే గూడు పెరిగిన కొద్దీ బరువు అదే వరసలో పెరగదు, దాదాపు ఘనంగా పెరుగుతుంది. 2009లో పీగ్, గ్రీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇచ్చిన పద్ధతి నాకు అన్నిటికంటే నికరంగా అనిపిస్తుంది. ప్రతి జంతువునీ ఒకే సగటు పొడవుకి తెచ్చి, ఆ పొడవులో ఉంటే ఎంత తూగేదో లెక్కగట్టడం అది. సగటు పొడవుని ఈ జంతువు పొడవుతో భాగించి, వచ్చినదాన్ని ఒక ఘాతానికి (పవర్‌కి) హెచ్చించి, దానితో బరువుని గుణించాలి. ఆ ఘాతం ఎంతో మన దగ్గరున్న కొలతల నుంచే తీయాలి: బరువుకీ పొడవుకీ లాగరిథం తీసి, వాటి మధ్య మామూలు సరళరేఖ వాలు కనుక్కుని, దాన్ని సహసంబంధ గుణకంతో భాగిస్తే వస్తుంది.

ఉదాహరణకి కల్పించిన అంకెలే తీసుకుందాం. పక్షిలో పొడవంటే రెక్క పొడవు. సగటు రెక్క 130 మి.మీ., ఘాతం 2.8. ఒక పక్షి రెక్క 128 మి.మీ., బరువు 62 గ్రాములు. లెక్కలో అది 64.8 అవుతుంది. ఇంకో పక్షి రెక్క 135 మి.మీ., బరువు 66 గ్రాములు. లెక్కలో అది 59.4కి దిగుతుంది. త్రాసు మీద గెలిచింది పుష్టిలో ఓడిపోయింది. పది పక్షులతో ఘాతం తీస్తే ఒక్కదాని తప్పు కొలతకే అది ఊగిపోతుంది, ముప్పై నలభై లేకుండా తీయకండి. చివరి పెద్ద ఈకలు మార్చుకుంటున్న పక్షి రెక్కని అసలు ఈ లెక్కలోకి తేవద్దు. మగ, ఆడ సైజులు వేరైన జాతుల్లో రెంటినీ కలపొద్దు.

బావురు పిల్లి దగ్గరికొస్తే త్రాసు ప్రసక్తే లేదు. ఆడది ఐదు నుంచి ఏడు కిలోలు, మగది ఎనిమిదిన్నర నుంచి పదహారు దాకా ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. అంత వెడల్పు తేడాలో ఒక్క బరువుతో ఏం తేలుతుంది? ఇక్కడ పని, జంతువు ముందు నుంచి వెళ్ళగానే తనంతట తానే ఫొటో తీసే కెమెరాది. రెండు కెమెరాలు ఎదురెదురుగా కట్టాలి. ఎడమ పక్క మచ్చలు కుడి పక్క మచ్చలు వేరు కాబట్టి రెండు వైపులా కనబడితేనే ఫలానా పిల్లి అని గుర్తుపట్టగలం. ఒకదాని వెలుగు ఇంకోదాని కంట్లో పడకుండా కొంచెం పక్కకి జరపాలి. పిల్లి వీపు ఎత్తుకి, అంటే నేల నుంచి ముప్పై నలభై సెంటీమీటర్లలో ఉంటే ఒంటి గీత సరిగ్గా పడుతుంది. పైనుంచి వంచి కడితే పొట్ట కనిపించదు. అయితే మడల్లో ఆ ఎత్తు పౌర్ణమి, అమావాస్య పోటుకి మునిగిపోవచ్చు. కాండం మీద పాత పోటు వదిలిన బురద గీత చూసుకుని, దానికి పైన ఉండే గట్టునే ఎంచుకోవాలి. ఉప్పుగాలికి బ్యాటరీ మొనలు తుప్పు పడతాయి, లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి పది పదిహేను రోజులకోసారి మార్చాలి. తిల్ల చెట్టుకి మాత్రం కట్టకండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పని మడల్లో తిరిగే ఎవరినడిగినా చెబుతారు.

సైజు కూడా కావాలంటే, పది సెంటీమీటర్లకో గీత పెట్టిన కర్రని పిల్లి నడిచే బాటలో నిలబెట్టి ఒక ఫొటో తీసి, కర్ర తీసేయాలి. తర్వాత ఫొటోలో పిల్లి భుజం ఎత్తుని ఆ గీతలతో పోల్చాలి. ఇక్కడే మోసం ఉంది. కెమెరాకి రెండు మీటర్ల దూరంలో కర్ర పెట్టామనుకోండి, పిల్లి ఇరవై సెంటీమీటర్లు ఇవతలగా నడిస్తే పదకొండు శాతం పెద్దగా కనిపిస్తుంది. బాటని రెండు వైపులా కొమ్మలతో ఇరుకు చేస్తే ఈ తేడా తగ్గుతుంది. పిల్లికి అనుమానం రాకుండా, అక్కడి ఎండు కొమ్మలే వాడాలి.

పుష్టి మార్కు ఐదుకి వేస్తారు. తుంటి ఎముకలు, వెన్ను, పక్కటెముకలు స్పష్టంగా లెక్కపెట్టేలా ఉండి తొడ లోపలికి పోతే 1. భుజం నుంచి తుంటి దాకా నున్నటి గీత, పక్కటెముకల వెనక కొద్దిగా నడుము ఉంటే 3. నడుమే కనిపించకుండా నిండిపోతే 5. అడవిలో 5 అరుదు. పక్క ఫొటో కంటే వెనక నుంచి తీసిన ఫొటో నిజం ఎక్కువ చెబుతుంది, తుంటి దగ్గర కండ తగ్గడం ముందుగా అక్కడే తెలుస్తుంది. పొట్ట కింద వేలాడే వదులు తోలుని కొవ్వు అనుకోకండి, పిల్లి జాతికి అది మామూలే. కడుపు నిండా చేప తిన్న పిల్లి, కడుపుతో ఉన్న పిల్లి రెండూ పొట్ట గీతని పాడు చేస్తాయి కాబట్టి పొట్టని చూసి కాక తుంటిని, వెన్నుని చూసి మార్కు వేయాలి. తడిసిన పిల్లి సంగతి మరీ ముఖ్యం. కాలవ దాటి వచ్చిన బావురు పిల్లి బొచ్చు ఒంటికి అతుక్కుని సగానికి సగం బక్కగా కనిపిస్తుంది. తడి ఫొటోలకి మార్కు వేయకుండా పక్కన పెట్టేయడమే సరైన పని, ఎంత అందంగా వచ్చినా సరే.

మార్కులు ఒక్కరే వేయకూడదు. ముగ్గురు, తేదీ గానీ చోటు గానీ తెలియకుండా, విడివిడిగా వేయాలి. ఎండాకాలం ఫొటో అని తెలిస్తే తెలియకుండానే ఒక మార్కు తగ్గిస్తాం. గుంపు సగటు కంటే ఒకే పిల్లి నెలల మీద ఎలా మారిందన్నదే విలువైనది. ఎప్పుడూ 2 దగ్గర ఉండే ముసలి మగపిల్లి కంటే, మూడు నెలల్లో 4 నుంచి 2కి జారిన పడుచు పిల్లి గురించే ఎక్కువ కంగారు పడాలి.

నీటికుక్కలకీ ఇదే పద్ధతి, ఒక మార్పుతో. వాటికి తోక మొదలు చూడాలి. బాగున్న నీటికుక్కకి తోక తుంటిలోంచే మందంగా సాగుతుంది, చిక్కినదానికి తుంటి ఎముకల మధ్య నుంచి విడిగా పొడుచుకొస్తుంది. ఇసుకలో దొర్లి ఒళ్ళు ఆరబెట్టుకున్న తర్వాత చూడాలి. మత్తు ఇచ్చి పట్టడం వీటి విషయంలో చాలా ప్రమాదం, దట్టమైన బొచ్చులో వేడి దిగక ప్రాణం మీదికొస్తుంది. ఐరోపా నీటికుక్కలకి తయారైన బరువు–పొడవు సూత్రాలు మన జాతికి సరిపోవు, తెచ్చి అతికించకండి.

మలం సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, కానీ జంతువుని ముట్టకుండా లోపల చూడగలిగే కిటికీ అదొక్కటే. చెరువు గట్ల మీద, కాలవ ఒడ్డున ఎత్తు చోట్ల దొరుకుతుంది. పోటు కడిగినదాన్నీ, వాన తగిలినదాన్నీ తీసుకోవద్దు. నేలకి తగిలిన అడుగు భాగం వదిలి మధ్యలోంచి తీయాలి, లేకపోతే మట్టిలో మామూలుగా బతికే సన్నని పురుగులే సూక్ష్మదర్శినిలో కనబడి జబ్బు పురుగులని పొరబడతాం. ఒకే ముక్కని మూడుగా పంచాలి: పురుగు గుడ్ల కోసం పది శాతం ఫార్మలిన్‌లో, హార్మోన్ల కోసం ఆల్కహాల్‌లోనో మంచుపెట్టెలోనో, డీఎన్ఏ కోసం 95 శాతం పైబడిన ఆల్కహాల్‌లో. అన్నిటినీ ఫార్మలిన్‌లో వేసేస్తే డీఎన్ఏ పోతుంది, అప్పుడు అది పిల్లిదో ఊరకుక్కదో కూడా తేలదు.

గుడ్ల లెక్కకి నాలుగు గ్రాముల మలం, 56 మిల్లీలీటర్ల చిక్కటి ఉప్పునీరు కలిపి, వడగట్టి, గుడ్లు లెక్కపెట్టడానికి వాడే మెక్‌మాస్టర్ స్లయిడు రెండు గదులూ నింపి చూడాలి. కనబడిన గుడ్లని యాభైతో గుణిస్తే గ్రాముకి ఎన్నో వస్తుంది. ఇది గుండ్రటి పురుగులకి సరే. చేప తినే జంతువుల్లో ఎక్కువగా ఉండేవి చదును పురుగులు, వాటి గుడ్లు బరువైనవి, ఉప్పునీళ్ళలో తేలవు. తేలించి చూసి 'పురుగులేమీ లేవు' అని రాసిన నివేదిక బావురు పిల్లి విషయంలో సగం నివేదికే. వాటికి మామూలు నీళ్ళలో కలిపి, ఐదేసి నిమిషాలు పేరనిచ్చి, పైతేట పారబోస్తూ నీరు తేరేదాకా చేసి, అడుగు మడ్డికి ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేసి చూడాలి. చెత్త నీలమవుతుంది, గుడ్లు పసుపుగా మిగులుతాయి. కొన్ని గుడ్లు పిల్లివి కావు, అది తిన్న చేపలోవి ఊరికే దాటిపోతున్నవి. వారం తేడాతో రెండు మూడుసార్లు చూస్తేనే తేలుతుంది.

ఇప్పుడు తాబేళ్ళు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా హోప్ ఐలాండ్ మొదలు అంతర్వేది, సఖినేటిపల్లి తీరాల దాకా గుడ్లు పెట్టడానికీ వస్తాయి, చచ్చి ఒడ్డుకీ కొట్టుకొస్తాయి. పై డిప్ప పొడవు రెండు రకాలు: గుడ్డ టేపుతో వంపు మీదుగా, పెద్ద కాలిపర్‌తో (రెండు కొనల మధ్య దూరం కొలిచే దవడల పరికరం) తిన్నగా. ఏది కొలిచారో రాయకపోతే ఆ అంకె వృథా. గుడ్డ టేపు సాగుతుంది, నెలకోసారి స్టీలు టేపు పక్కన పెట్టి చూసుకోవాలి. నడిగీత మీద బార్నకిల్స్ (డిప్పకి అంటుకుని పెరిగే గుల్లజీవులు) ఉంటే ఆ మాట కూడా రాయాలి. తాబేలు పుష్టి సూచిక, కిలోల్లో బరువుని తిన్నని పొడవు ఘనంతో భాగించి పదివేలతో గుణించడం. 66 సెం.మీ., 38 కిలోల తాబేలుకి 1.32 వస్తుంది. కొలతలో రెండు సెంటీమీటర్లు పొరబడి 68 అని రాస్తే 1.21 అవుతుంది. మూడు శాతం తప్పు ఘనంలోకి వెళ్ళి తొమ్మిది శాతం దాకా అయిపోయింది. గుడ్లు పెట్టకముందు తూచారా పెట్టాక తూచారా అన్నది ఇంకా పెద్ద తేడా: నూటికి పైబడిన గుడ్లంటే మూడు నాలుగు కిలోలు.

త్రాసు లేకపోతే కింది డిప్ప చూడాలి. చదునుగానో కొంచెం ఉబ్బెత్తుగానో ఉంటే బాగున్నట్టు. పళ్ళెంలా లోపలికి పోయి, మెడ పక్కల గుంటలు పడి, కళ్ళు లోతుకి పోయి, ఒంటినిండా బార్నకిల్స్ పట్టి ఉంటే చాలాకాలంగా ఈదలేక, తినలేక ఉన్నట్టు. అయితే పెద్ద మగ తాబేలుకి కింది డిప్ప సహజంగానే మధ్యలో పల్లంగా ఉంటుంది. ముందు తోక చూడండి: పై డిప్ప దాటి బాగా పొడుచుకొస్తే అది మగది, డిప్పని చూసి చిక్కిందని రాయకండి.

చచ్చిన తాబేలు ఎంత కుళ్ళిందో మొదట రాయాలి. ఉబ్బిన శవం బరువుకి అర్థం లేదు. పశువైద్యుడు కోసి చూసినప్పుడు కొవ్వు నిండుగా, గట్టిగా ఉంటే ఆ తాబేలు చావు హఠాత్తుగా వచ్చిందన్నమాట. వలలో చిక్కి ఊపిరాడక పోవడం లాంటిది మొదట అనుమానించాలి. కొవ్వు జిగురుగా, నీరుగా మారి ఉంటే చాలాకాలపు జబ్బో ఆకలో. బాగా పుష్టిగా ఉన్న తాబేళ్ళు వరసగా ఒడ్డుకి రావడం, చిక్కినవి రావడం కంటే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. సముద్రంలో తిండి బాగుంది, చంపుతున్నది ఇంకేదో అని అది చెబుతోంది.

వరిచేల వైపు ఇదే మాట గుడ్లగూబలకీ నక్కలకీ వర్తిస్తుంది. ఎలుకలకి పెట్టే బ్రోమడియోలోన్ మందు తిన్న ఎలుకని తిని చచ్చిన గుడ్లగూబ రొమ్ము కండ నిండుగానే ఉంటుంది. లోపల మాత్రం గడ్డకట్టని రక్తం. పుష్టికి ఐదు మార్కులు వేసి 'ఆరోగ్యం బాగు' అని రాస్తే అంతకంటే తప్పు లేదు. కాలేయం ముక్క ప్రయోగశాలకి పంపాలి.

చచ్చినవాటిని వట్టి చేతులతో ముట్టకండి. పక్షులు ఒకేచోట ఎక్కువగా చచ్చి కనబడితే తాకకుండా పశుసంవర్ధక శాఖకీ అటవీ శాఖకీ చెప్పాలి. తాబేటి డిప్ప ఇంటికి తెచ్చుకోకూడదు. చట్టం ప్రకారం చచ్చిన వన్యప్రాణి కూడా ప్రభుత్వానిదే. ఫొటో తీసేటప్పుడు పక్కన ఒక స్కేలు పెట్టి, పై డిప్ప, కింది డిప్ప, తల, తోక నాలుగూ వేరువేరుగా తీసి, తేదీ, గంట, పోటా పాటా రాసి పంపితే, ఆ తాబేలుని చూడని మనిషి కూడా దాని పుష్టికి మార్కు వేయగలడు.